4×5 కెమెరాకి గ్రౌండ్ గ్లాస్ ఇంట్లోనే అరగదీయడం: ఏ పొడి వాడాలి, ఎక్కడ ఆపాలి?

నీలిబెల్లోస్:
అందరికీ నమస్కారం. నా 4×5 కెమెరా (4×5 అంగుళాల ఫిల్ము షీట్లు వాడేది) వెనక ఉండే గ్రౌండ్ గ్లాస్, అంటే బొమ్మ పడే గరుకు గాజు, పగిలింది. ఫ్రేము, స్ప్రింగులు, క్లిప్పులు అన్నీ బాగానే ఉన్నాయి. గాజు ఒక్కటే కావాలి. తయారుగా దొరికేది కొనుక్కోవచ్చని తెలుసు. కానీ ఈ కెమెరాలో నా చేతులతో నేను చేసుకోగలిగిన భాగం ఏదైనా ఉందంటే ఇదే అనిపిస్తోంది. ఫొటో ఫ్రేముల్లో వాడే 2 మి.మీ. గాజు సంపాదించాను. ఇంట్లో 600 నంబరు ఉప్పు కాగితం ఉంది. దాన్ని తడిపి రుద్దితే సరిపోతుందా, లేక కార్బోరండం పొడే తెప్పించుకోవాలా? ఇంకో సందేహం. పొడి ఎంత సన్నగా ఉంటే బొమ్మ అంత వెలుగుగా కనిపిస్తుందని కొందరు అంటున్నారు. అలాగైతే 1200 దాకా వెళ్ళిపోవడం మంచిదేనా?

గాజుపని:
ఉప్పు కాగితం వద్దండి. కాగితం మీద రేణువులు జిగురుతో అతుక్కుని ఉంటాయి. రుద్దినప్పుడు ఒక్కో రేణువు గాజు మీద గీత గీసుకుంటూ పోతుంది. ఎంతసేపు రుద్దినా చివరికి మిగిలేది గీతల అల్లికే. లూప్ (ఫోకస్ చూసుకునే భూతద్దం) పెట్టి చూస్తే బొమ్మ కంటే ముందు అవే కనిపిస్తాయి. పైగా వెలుగుని ఒక దిక్కుకి ఎక్కువ, ఇంకో దిక్కుకి తక్కువ చెదరగొడతాయి.

వదులు పొడి చేసే పని వేరు. రెండు గాజుల మధ్య నీళ్ళలో రేణువులు దొర్లుతాయి. దొర్లుతూ మొనలతో గాజుని గుచ్చి కంటికి ఆనని పెచ్చులు లేపుతాయి. అలా దిక్కూ దిశా లేని గుంటలు గాజంతా పరుచుకుంటాయి. మనకి కావాల్సినవి ఆ గుంటలే.

నంబర్ల సంగతి కూడా తెలుసుకోండి. కాగితం మీది 600, పొడి డబ్బా మీది 600 ఒకటి కావు. ఫెపా (యూరప్‌లో అరగదీసే సరుకు తయారీదారుల సమాఖ్య) ప్రమాణాల్లో వదులు పొడికి ఎఫ్ వరస, కాగితానికి పి వరస ఉంటాయి. ఎఫ్600 రేణువు సుమారు 9.3 మైక్రాన్లు. పి600 కాగితం మీది రేణువు దాదాపు 26 మైక్రాన్లు, అంటే మూడు రెట్లకు దగ్గర. కాగితంలో 9 మైక్రాన్ల దరిదాపుకి రావాలంటే పి2000కీ పి2500కీ మధ్య వెతుక్కోవాలి. కాబట్టి ఎవరైనా "నేను 600తో చేశాను, చాలా గరుకుగా వచ్చింది" అంటే ముందు ఏ 600 అని అడగాలి.

సిలికాన్ కార్బైడ్, అంటే మీరన్న కార్బోరండమే, ఎఫ్600 తెప్పించుకోండి. ఒక్క గాజుకి రెండు మూడు చెంచాల పొడి కూడా పట్టదు.

తెరచాటు:
పొడి విషయంలో గాజుపని గారితో ఏకీభవిస్తాను. కానీ 600 దగ్గరే ఆగిపోవడం ఎందుకు? నేను 5 మైక్రాన్ల అల్యూమినియం ఆక్సైడ్‌తో ముగించిన స్క్రీన్ వాడుతున్నాను. మధ్యలో బొమ్మ చాలా వెలుగుగా ఉంటుంది. ఎఫ్/8 (ఇది లెన్సు రంధ్రం కొలత, పొడి నంబరు కాదు) లెన్సుతో సాయంత్రం పూట కూడా కంపోజ్ చేసుకోగలుగుతున్నాను. నీలిబెల్లోస్ గారు అడిగింది సబబే.

వెలుగునీడ:
తెరచాటు గారూ, మీరే "మధ్యలో" అన్నారు చూడండి. మూలల సంగతి?

తెరచాటు:
మూలలు కొంచెం చీకటిగానే ఉంటాయి. తల పక్కకి జరిపి చూసుకుంటాను.

వెలుగునీడ:
అసలు విషయం అక్కడే ఉందండి. గాజు మీది గింజ సన్నబడే కొద్దీ కొత్తగా వెలుగేమీ పుట్టదు. లెన్సు నుంచి వచ్చేది అంతే. గరుకు గాజు ఆ వెలుగుని అన్ని వైపులకీ పంచుతుంది. సన్న పొడితో అరగదీసిన గాజు దాన్ని వచ్చిన దారినే ఎక్కువగా పోనిస్తుంది. మధ్యలో కిరణాలు నేరుగా మన కంటి వైపే వస్తాయి కాబట్టి అక్కడ వెలుగు పెరిగినట్టు ఉంటుంది. మూలల్లో కిరణాలు ఏటవాలుగా వస్తాయి, అదే వాలుతో బయటికి పోతాయి, మన కంటికి అందవు. 90 మి.మీ. వైడ్ లెన్సు పెట్టి చూడండి, ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఫోకస్‌ది. బొమ్మ గాజు మీద ఆగాలి. మరీ సన్న పొడితో అరగదీస్తే కొంత వెలుగు చెదరకుండా గాజుని దాటి వచ్చేస్తుంది. అప్పుడు గాజు మీద ఉన్న బొమ్మతో పాటు గాలిలో ఉన్న బొమ్మ కూడా కనిపిస్తుంది. మన కన్ను దానంతట అదే సర్దుకుని ఆ గాలిలో బొమ్మని స్పష్టంగా చూసేస్తుంది. ఫోకస్ కుదిరిందనుకుంటాం, ఫిల్ము మీద కుదరదు. పోర్ట్రెయిట్‌లో ఎఫ్/5.6 దగ్గర కనురెప్పల మీద ఫోకస్ పెట్టేవాళ్ళకి ఇది ఎంత టెన్షన్ పెడుతుందో చెప్పలేను. నాకు తెలిసిన చాలామంది వెలుగు కోసం స్క్రీన్ వెతుకుతారు. స్క్రీన్‌లో వెతకాల్సింది తలం. బొమ్మ కచ్చితంగా ఎక్కడ ఆగుతోందో చూపించగలిగితే అది మంచి స్క్రీన్. వెలుగు తక్కువైతే మందపాటి నల్ల గుడ్డ కప్పుకోండి, కన్ను చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. అది చాలా లోటు తీరుస్తుంది.

తెరచాటు:
గాలిలో బొమ్మ సంగతి నిజమే, లూప్‌తో చూసినప్పుడు గమనించాను. కానీ దాన్ని కనిపెట్టే మార్గం ఉంది కదా?

సూక్ష్మదర్శి:
ఉంది. గాజు గరుకు వైపు పెన్సిలుతో సన్న గీత గీయండి. లూప్‌ని ఆ గీత మీద స్పష్టంగా కుదర్చండి. ఇప్పుడు తల కొద్దిగా అటూ ఇటూ కదపండి. బొమ్మ, గీత కలిసి ఉంటే ఫోకస్ గాజు తలం మీదే ఉంది. గీత మీద బొమ్మ జారుతుంటే ఫోకస్ ముందుకో వెనక్కో ఉంది. మామూలు గరుకు గాజు మీద ఈ పరీక్ష అవసరమే రాదు, సన్న గాజు మీద తప్పనిసరి.

మాక్రో (చిన్న వస్తువుల్ని దగ్గరగా తీయడం) చేసేవాళ్ళం ఈ పద్ధతినే కావాలని వాడతాం. బెల్లోస్ (లెన్సుకీ గాజుకీ మధ్య ఉండే మడతల గొట్టం) బాగా సాగదీసినప్పుడు బొమ్మ ఎంత మసకబడుతుందంటే గరుకు గాజు మీద ఏమీ కనపడదు. అందుకని గరుకు వైపు మధ్యలో పెన్సిల్ గీతలు అడ్డంగా నిలువుగా గీసి, వాటి మీద ఒక చుక్క కెనడా బాల్సం (పారదర్శకమైన జిగురు) వేసి మైక్రోస్కోపు కవర్ స్లిప్ అతికిస్తాం. గుంటలు నిండిపోయి అక్కడ గాజు పారదర్శకం అవుతుంది. ఆ కిటికీలోంచి గాలిలో బొమ్మని చూస్తూ పైన చెప్పినట్టు గీత జారుతోందో లేదో చూసి ఫోకస్ చేస్తాం. నీలిబెల్లోస్ గారికి ఇప్పుడే అవసరం లేదు, ఎప్పుడైనా పనికొస్తుందని రాశాను.

నీలిబెల్లోస్:
చాలా థాంక్స్ అండి. 1200 ఆలోచన మానుకున్నాను. ఎఫ్600 పొడికి ఆర్డర్ పెట్టాను. గాజుపని గారూ, రుద్దే విధానం కొంచెం వివరంగా చెప్తారా?

గాజుపని:
తప్పకుండా. నేను టెలిస్కోపు అద్దాలు అరగదీస్తుంటాను. గ్రౌండ్ గ్లాస్ దాని ముందు చిన్న పనే కానీ శుభ్రత నియమాలు రెండింటికీ ఒకటే.

ముందు కొలత. ఫ్రేములో గాజు కూర్చునే గాడిని కొలిచి, పొడవులోనూ వెడల్పులోనూ ఒక్కో మిల్లీమీటరు తగ్గించి కోయండి. బిగుతుగా కూర్చున్న గాజు, ఫ్రేము చెక్క కాస్త కదిలినా పగులుతుంది. టెంపర్డ్ గాజు జోలికి పోవద్దు, కట్టర్ పెడితే ముక్కలు ముక్కలవుతుంది. మామూలు ఫ్లోట్ గాజు మన పనికి సరిపోయేంత చదునుగా ఉంటుంది, అందుకే ముతక పొడితో మొదలుపెట్టాల్సిన అవసరం కూడా లేదు. నేరుగా ఎఫ్600తోనే దిగవచ్చు.

కోసిన వెంటనే నాలుగు అంచులూ తడి సానరాయి మీద వాలుగా రుద్ది పదును తీసేయండి. ఇది వేళ్ళ కోసం మాత్రమే అనుకోకండి. పదునైన అంచు నుంచి రాలిన ఒక్క పెచ్చు మీ 9 మైక్రాన్ల పొడిలో కలిసిందంటే, ఒక్క తిప్పుతో గాజు మీద పొడవాటి గీత పడుతుంది. ఆ గీత లోతు దాకా అరగదీస్తే తప్ప పోదు. రుద్దడానికి వాడే పై గాజు అంచులకి కూడా ఇదే చేయాలి.

పై గాజు 6 నుంచి 7 సెంటీమీటర్ల చదరం ఉంటే చాలు. 5 మి.మీ. మందం ఉంటే చేతిలో నిలకడగా ఉంటుంది. దాని వీపున చిన్న చెక్క పిడి అతికించుకోండి.

చదునైన బల్ల మీద తడి కాగితం పరిచి దాని మీద గాజు పెట్టండి, జారదు. చిటికెడు పొడి, కొన్ని చుక్కల నీళ్ళు వేయండి. పై గాజుతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ మెల్లగా గాజంతా తిరగండి. కాసేపటికోసారి కింది గాజుని పావు చుట్టు తిప్పి పెట్టండి. ఎక్కడా బలంగా నొక్కొద్దు. చెయ్యి బరువు చాలు. కొత్త పొడి వేయగానే గరగరమని గట్టిగా చప్పుడొస్తుంది. రేణువులు నలిగే కొద్దీ చప్పుడు సన్నబడుతుంది. పూర్తిగా మెత్తబడినప్పుడు ముద్దని తుడిచి కొత్త చిటికెడు వేయండి. ఎప్పుడు వేయాలో గడియారం కంటే చెవి బాగా చెప్తుంది. నీళ్ళు ఆరనివ్వొద్దు. ఆరితే రెండు గాజులూ పట్టేస్తాయి. అప్పుడు ఎత్తి లాగకండి, నీళ్ళు పోసి పక్కకి జరపండి.

మామూలుగా అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. మూలలు, అంచులు ఆఖరున అరుగుతాయి, ఎందుకంటే చెయ్యి తెలియకుండానే మధ్యలో ఎక్కువ తిరుగుతుంది. అందుకని ప్రతి విడతలో ముందు అంచుల వెంబడి ఒక చుట్టు వేసి, ఆ తర్వాత లోపలికి రండి.

పొడి ఎప్పుడూ తడిగానే ఉండాలి. ఎండిన గాజు దుమ్ము, కార్బైడ్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచివి కావు. కడిగిన నీళ్ళు సింక్‌లో పోయొద్దు, ఆ ముద్ద పైపు వంపులో పేరుకుని గట్టిపడుతుంది. బకెట్‌లో పేరనిచ్చి అడుగుది తీసి పారేయండి.

తెరచాటు:
ఒక అనుమానం. రెండు గాజులు ఒకదాని మీద ఒకటి రుద్దితే ఒకటి గుంటగా, ఇంకోటి ఉబ్బుగా తయారవుతుంది కదా? టెలిస్కోపు అద్దాలు తయారయ్యేదే అలాగ. మన స్క్రీన్ కూడా వంపు తిరిగితే ఫోకస్ పోదా?

గాజుపని:
మంచి ప్రశ్న. వంపు తిరగడం నిజమే. అద్దం చేసేటప్పుడు ముతక పొడితో, గట్టిగా నొక్కుతూ, పై గాజు సగం దాకా బయటికి వచ్చేలా పొడవాటి తోపులతో గంటల తరబడి రుద్దుతాం, అప్పుడు గాని ఒకటి రెండు మిల్లీమీటర్ల గుంట రాదు. ఇక్కడ ఎఫ్600తో ముప్పావుగంటలో మొత్తం అరిగేదే కొన్ని పదుల మైక్రాన్లు. అదంతా ఒక్క మధ్యలోనే అరిగిందనుకున్నా మిల్లీమీటరులో పదోవంతు దాటదు. దానివల్ల ఎంత తేడా వస్తుందో కొలతబద్ద గారు లెక్క చెప్తారు, ఆయన ఇంకా ఇటు రాలేదు.

కొలతబద్ద:
వచ్చానండి. లెక్క ఇదిగో. 4×5 ఫిల్ముకి సాధారణంగా 0.1 మి.మీ. మసక వృత్తం ఒప్పుకుంటాం, అంటే ఒక చుక్క అంత వెడల్పుగా మసకబడినా పదునుగానే ఉందనుకుంటాం. ఫోకస్ ముందుకీ వెనక్కీ ఎంత తప్పవచ్చో తెలియాలంటే దాన్ని ఎఫ్ నంబరుతో గుణించాలి. ఎఫ్/5.6 దగ్గర అటు 0.56, ఇటు 0.56 మి.మీ. ఎఫ్/22 దగ్గర అటు 2.2, ఇటు 2.2. కాబట్టి గాజుపని గారు చెప్పిన పదోవంతు మిల్లీమీటరు గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

కానీ నిద్ర మానుకోవాల్సిన విషయం ఒకటుంది. గరుకు వైపు లెన్సు వైపే ఉండాలి. గాజు బిగించేటప్పుడు దీన్ని తలకిందులు చేసేవాళ్ళు చాలామంది, ఎందుకంటే నున్నటి వైపు లోపల ఉంటే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. తిరగేస్తే బొమ్మ ఆగే తలం గాజు మందమంత వెనక్కి పోతుంది. గాజులో కిరణాలు వంగడం వల్ల అందులో మూడోవంతు కలిసొస్తుంది, మూడింట రెండొంతులు పొరపాటుగా మిగులుతుంది. 2 మి.మీ. గాజుకి అది 1.3 మి.మీ. చిల్లర. ఎఫ్/5.6 హద్దుకి రెండు రెట్లకు పైనే.

ఇంకా అర్థమయ్యేలా చెప్తాను. 150 మి.మీ. లెన్సు, మనిషి రెండు మీటర్ల దూరం. గాజు మీద కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. గాజు తిరగబడి ఉంటే ఫిల్ము మీద స్పష్టంగా పడేది కళ్ళకి 20 సెంటీమీటర్ల పైన వెనక ఉన్నది. చెవులు కూడా దాటిపోయినట్టే. అదే కెమెరాతో ఎఫ్/22లో కొండలు తీస్తే పొరపాటు ఎప్పటికీ బయటపడదు. అందుకే "నా కెమెరా ల్యాండ్‌స్కేప్‌కి బాగుంటుంది, పోర్ట్రెయిట్‌కి బాగోదు" అని ఎవరైనా అంటే నేను ముందు గాజు ఎటు తిరిగి ఉందో చూడమంటాను.

గరుకు వైపు లెన్సు వైపు ఉంటే గాజు మందం ఎంతైనా ఫోకస్‌కి తేడా రాదు, ఎందుకంటే బొమ్మ గాజులోకి వెళ్ళకముందే ఆగిపోతోంది. మీ 2 మి.మీ. గాజు పాతదానికంటే మందమా పల్చనా అన్నది క్లిప్పులకి మాత్రమే సంబంధించిన విషయం.

నీలిబెల్లోస్:
ఇది నాకు అసలు తెలియదు. గరుకు వైపు సరిగ్గా ఫిల్ము ఉండే చోటే ఉందని ఎలా తేల్చుకోవాలి?

కొలతబద్ద:
కొలిచే తేల్చుకోవాలి. 4×5 హోల్డర్లకి (ఫిల్ము షీట్ పెట్టి కెమెరా వెనక దూర్చే పెట్టెలకి) అమెరికన్ ప్రమాణంలో లోతు 0.197 అంగుళం, అంటే 5.00 మి.మీ. అటూ ఇటూ 0.007 అంగుళం, అంటే 0.18 మి.మీ. తేడా ఒప్పుకుంటారు. ఇది హోల్డర్ కెమెరాకి ఆనే ముఖం నుంచి ఫిల్ము వీపు ఆనే పలక దాకా ఉండే లోతు. ఫిల్ము మందం సుమారు 0.18 మి.మీ. అది తీసేస్తే ఫిల్ము ముఖం 4.82 మి.మీ. దగ్గర ఉంటుంది. మీ గాజు గరుకు వైపు కూడా, హోల్డర్ ఆనే అదే ముఖం నుంచి, 4.82 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి.

పుస్తకంలో అంకె కంటే మీ హోల్డర్ ముఖ్యం. పనికిరాని ఫిల్ము షీట్ ఒకటి హోల్డర్‌లో పెట్టండి. అడ్డంగా ఒక తిన్నని స్టీలు బద్ద వేసి, వెర్నియర్ కాలిపర్ తోక కడ్డీతో బద్ద పైనుంచి ఫిల్ము దాకా కొలిచి, బద్ద మందం తీసేయండి. కడ్డీ ఫిల్ముని నొక్కకూడదు, తగిలీ తగలనట్టు ఉండాలి. మధ్యలోనూ నాలుగు మూలలకి దగ్గరగానూ కొలిచి సగటు తీయండి. అదే బద్దతో గాజు ఫ్రేముకీ కొలవండి. రెండు అంకెలూ 0.2 మి.మీ. లోపల కలిస్తే వదిలేయండి. గాజు ముందుకి వచ్చేసి ఉంటే ఫ్రేము చెవుల కింద పల్చని ఇత్తడి రేకు ముక్కలు పెట్టి వెనక్కి జరపాలి. కాగితం ముక్కలు పెట్టొద్దు, తేమకి ఉబ్బుతాయి.

పాతప్లేటు:
గాజు లేకుండా రోజులు గడుపుతున్న నీలిబెల్లోస్ గారికి ఈలోగా ఒక మాట. పారదర్శకంగా ఉండే గాజు ముక్కకి లెన్సు వైపు మాట్ టేప్, అంటే పైన రాసుకోవడానికి వీలుండే మసక సెల్లో టేప్, వరసలుగా అతికిస్తే తాత్కాలికంగా ఫోకస్ చేసుకోవచ్చు. వరసల మధ్య సందులు కనిపిస్తాయి, అయినా పని నడుస్తుంది. డ్రాఫ్టింగ్ ఫిల్ము (ప్లాన్లు గీసే మసక ప్లాస్టిక్ షీట్) ముక్క కూడా అలాగే వాడవచ్చు.

డ్రై ప్లేట్లు (ఫిల్ముకి బదులు ఎమల్షన్, అంటే వెలుగు సోకే పూత, ఉన్న గాజు పలకలు) వాడే మాలాంటివాళ్ళకి ఇంకా తేలిక. 1871లో మాడక్స్ జెలటిన్ ఎమల్షన్ గురించి రాసిన తర్వాత వచ్చిన ఈ జెలటిన్ ప్లేట్లు డెవలప్ చేయకముందు పాలలా తెల్లగా ఉంటాయి. బయట ఉన్నప్పుడు గాజు పగిలితే ఒక ప్లేటుని వెలుగులోకి తీసి దాన్నే స్క్రీన్‌గా వాడేయవచ్చు. ప్లేటు ఒకటి నష్టం, కానీ ఆ రోజు మిగిలిన ప్లేట్లు వృథా కావు. ఎమల్షన్ లెన్సు వైపు పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

నీలిబెల్లోస్:
టేప్ పద్ధతి ఈరోజే చేసి చూశాను. నిజంగానే పనిచేస్తోంది!

ఇంకో ప్రశ్న. గాజుని గరుకు చేసే ఎచింగ్ క్రీమ్ అమ్ముతున్నారు కదా. రుద్దే శ్రమ లేకుండా దాంతో అవదా?

గాజుపని:
వద్దు. ఆ క్రీముల్లో ఫ్లోరైడ్ లవణాలు ఉంటాయి. గాజు మీద బొమ్మలు చెక్కడానికి బాగుంటాయి కానీ మన పనికి పొర సమంగా రాదు. క్రీమ్ మందంగా పడ్డ చోట ఒక తీరు, పల్చగా పడ్డ చోట ఇంకో తీరు, మధ్యలో బుడగ ఉంటే అక్కడ మెరుస్తూ చుక్క. ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి అక్కడే ఆపేయండి. పల్చనిది చర్మం మీద పడితే వెంటనే నొప్పి కూడా తెలియదు. లోపలికి ఇంకి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ముట్టుకోవాల్సిన వస్తువు కాదది.

మెరుపు రాని ఫొటో ఫ్రేమ్ గాజు కూడా కొందరు పెట్టి చూస్తారు. అది చెదరగొట్టేది చాలా తక్కువ. వెలుగునీడ గారు చెప్పిన గాలిలో బొమ్మ సమస్య దాంట్లో మరీ ఎక్కువ.

సూక్ష్మదర్శి:
అరగదీయకుండా అందంగా వచ్చేది మైనపు స్క్రీన్ ఒక్కటే. రెండు పల్చని గాజుల మధ్య కరిగిన పారాఫిన్ మైనాన్ని సన్న పొరగా పరిచి నెమ్మదిగా చల్లారనిస్తారు. లూప్‌లో గింజ దాదాపు కనపడదు. కానీ బొమ్మ ఆగేది ముందు గాజు వెనక. కొలతబద్ద గారి లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది. ముందు గాజు ఒక మిల్లీమీటరు ఉంటే దాని ముఖాన్ని 0.66 మి.మీ. లెన్సు వైపుకి జరిపి కూర్చోబెట్టాలి. బుడగలు లేకుండా పోయడం కూడా తేలిక కాదు. మొదటిసారి చేసేవాళ్ళకి గరుకు గాజే మేలు.

తెరచాటు:
నేను అడగాలనుకున్నది ఫ్రెనెల్ (సన్న గాళ్ళున్న పల్చని పలక లెన్సు) గురించి. మూలలు వెలుగుగా కావాలంటే సన్న గింజ గాజు సరికాదని ఒప్పుకుంటున్నాను. గరుకు గాజుకి ఫ్రెనెల్ జోడిస్తే?

వెలుగునీడ:
అది సరైన దారి. మూలల్లో ఏటవాలుగా పోయే కిరణాలని ఫ్రెనెల్ మన కంటి వైపు వంచుతుంది. గాజు వెనక, అంటే మనం చూసే వైపు పెట్టండి, గాళ్ళు గాజుకి ఆనేలా. అక్కడ పెడితే ఫోకస్‌తో దానికి సంబంధమే ఉండదు, తీసినా పెట్టినా తేడా రాదు.

కొలతబద్ద:
వెనక అన్న మాట గట్టిగా పట్టుకోండి. కొన్ని పాత ప్రెస్ కెమెరాల్లో, ఎక్టలైట్ అనే ఫ్రెనెల్ బిగించిన గ్రాఫ్లెక్స్ లాంటి వాటిలో, ఫ్రెనెల్‌ని లెన్సుకీ గాజుకీ మధ్య పెట్టేవారు. ఫ్యాక్టరీలో దానికి తగ్గట్టు లోతు సరిచేసి ఇచ్చేవారు. 1.5 మి.మీ. యాక్రిలిక్ ఫ్రెనెల్ ఫోకస్‌ని సుమారు అర మిల్లీమీటరు వెనక్కి జరుపుతుంది. అలాంటి కెమెరాలో ఫ్రెనెల్ తీసి పారేసి ఉత్త గాజు పెట్టినా, గాజు కూర్చునే చోటు ఆ లెక్కకే ఉంటుంది కనుక పొరపాటు మొదలవుతుంది. అలా కాకుండా మామూలు కెమెరాలో గాజు ముందు ఫ్రెనెల్ దూరిస్తే, గాజు 1.5 వెనక్కి జరిగింది, ఫోకస్ మాత్రం 0.5 జరిగింది, మిగిలిన ఒక మిల్లీమీటరు తప్పు. పాత కెమెరా కొన్నవాళ్ళు గాజు మార్చే ముందు లోపల ఏముందో చూసి కొలిచి రాసి పెట్టుకోవాలి.

నీలిబెల్లోస్:
గాజు అయిపోయింది. పొడి రాగానే కూర్చున్నాను. గాజుపని గారు చెప్పిన చప్పుడు మార్పు స్పష్టంగా తెలిసింది, నాకు ఈ పనిలో బాగా నచ్చింది అదే. కడిగి ఆరబెట్టి చూస్తే రెండు మూలల దగ్గర చిన్న మెరుపు మచ్చలున్నాయి. మిగతాదంతా సమంగా ఉంది. లోతు కొలిస్తే హోల్డర్‌లో ఫిల్ము సగటు 4.85, గాజు 4.95 వచ్చింది. ఏం చేయాలి?

గాజుపని:
అభినందనలు! మూలల సంగతి కష్టమేమీ కాదు. గాజుని బల్బు ఎదురుగా పట్టుకుని బాగా ఏటవాలుగా చూడండి. అరగని చోటు అద్దంలా బల్బుని చూపిస్తుంది. ఆ చోట్ల చుట్టూ వెనక వైపు మార్కర్‌తో గుర్తు పెట్టుకుని మళ్ళీ అదే పొడితో రుద్దండి. అక్కడ ఒక్కచోటే రుద్దకండి, ఆ మూల నుంచి మధ్య దాకా సాగదీస్తూ రుద్దండి, లేకపోతే హద్దు కనిపిస్తుంది. ఆఖరు విడతలో కొత్త పొడి వేయకుండా నలిగిన ముద్దతోనే కాస్త ఎక్కువసేపు తిప్పితే గింజ ఇంకొంచెం మెత్తబడుతుంది. తెరచాటు గారు కోరుకున్న సన్నదనంలో కొంత ఇక్కడే దొరుకుతుంది, మూలల వెలుగు పాడవకుండా.

కొలతబద్ద:
0.1 తేడాకి రేకులు పెట్టొద్దు. ఎఫ్/5.6 హద్దులో ఐదోవంతు కూడా కాదు. ఒక్కసారి నిజం పరీక్ష చేయండి. స్కేలుని ఏటవాలుగా నిలబెట్టి, మధ్య అంకె మీద లెన్సు పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి ఒక షీట్ తీయండి. ఫిల్ము మీద ఆ అంకె పదునుగా ఉంటే ఇక వెర్నియర్ లోపల పెట్టేయవచ్చు.

నీలిబెల్లోస్:
మెరుపు మచ్చలు పోయాయి. స్కేలు పరీక్షలో పెట్టిన అంకే పదునుగా వచ్చింది. అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. గళ్ళ గీతలు గీయాలనుకుంటున్నాను, మూలలు కూడా కోయాలా?

వెలుగునీడ:
గీతలు గరుకు వైపే, సన్నని పెన్సిలుతో. బొమ్మ, గీత ఒకే తలంలో ఉంటాయి. నచ్చకపోతే రబ్బరుతో తుడిచేయవచ్చు. పెన్ను, మార్కర్ వద్దు, గుంటల్లోకి ఇంకితే ఇక చెరగవు. మూలలు కోయడం వల్ల రెండు లాభాలు. బెల్లోస్ మూసినప్పుడు లోపలి గాలికి దారి దొరుకుతుంది. ఇంకోటి, లెన్సు పైకో పక్కకో జరిపినప్పుడు ఆ కోసిన మూలలోంచి లెన్సు వైపు చూడండి. అపర్చర్ (లెన్సు రంధ్రం) పూర్తి రూపంలో కనిపిస్తే ఆ మూల ఫిల్ము మీద చీకటి పడదు. నిమ్మకాయ ఆకారంలో కోసుకుపోయి కనిపిస్తే ఇంకా చిన్న అపర్చర్‌కి వెళ్ళాలి లేదా జరిపింది తగ్గించాలి.

గాజుపని:
గాజు ఇప్పటికే అరిగింది కాబట్టి మూలల్ని కట్టర్‌తో కోయకండి. అంత చిన్న ముక్క విరిచేటప్పుడు పగులు లోపలికి పోవచ్చు. ముతక సానరాయి మీద తడిగా, ఓపిగ్గా రుద్దితే మూల దానంతట అదే తగ్గుతుంది.

పాతప్లేటు:
ఈ చర్చ చదివాక నా 8×10కి కూడా చేద్దామనిపిస్తోంది. అంకెలు ఎలా మారతాయి?

కొలతబద్ద:
8×10 హోల్డర్ లోతు 0.260 అంగుళం, 6.60 మి.మీ. తేడా అటూ ఇటూ 0.016 అంగుళం దాకా ఒప్పుకుంటారు, అంటే 0.4 మి.మీ. మధ్యలో 5×7 ఉంది కాబట్టి అది కూడా రాస్తున్నాను, 0.228 అంగుళం, 5.79 మి.మీ. గాజు 3 మి.మీ. తీసుకోండి, పై గాజు 10 సెంటీమీటర్లకి పెంచండి. వైశాల్యం నాలుగు రెట్లు, సమయం కూడా దాదాపు అంతే పెరుగుతుంది.

8×10లో నాకు గాజు కంటే హోల్డర్ల మీదే అనుమానం ఎక్కువ. అంత పెద్ద ఫిల్ము మధ్యలో సాగి ఉబ్బుతుంది, కెమెరా కిందికి వంచితే ఇంకా. పాత చెక్క హోల్డర్లు ఒక్కోటి ఒక్కోలా వంగి ఉంటాయి. మీ దగ్గరున్నవన్నీ రెండు వైపులా కొలిచి, మధ్య అంకె, మూలల అంకెలు విడివిడిగా ఇక్కడ పెట్టండి. ఏ అంకెకి గాజు కూర్చోబెట్టాలో అవి చూశాకే తేలుతుంది.